ఒక్క పంచమం మీద నాలుగు వీణలు

1680 జూన్‌లో లండన్‌లో హెన్రీ పర్సెల్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎవరూ అడగని సంగీతం రాయడానికి కూర్చున్నాడు. నాలుగు వయొల్‌లు (కమానుతో వాయించే తీగవాద్యాలు) కలిసి వాయించుకునే ఫాంటసీలు, అంటే మాటల్లేని చిన్న వాద్యరచనలు. ఒక్కోదాని మీదా తేదీ వేసుకున్నాడు. జూన్ 10, 11, 14, 19, అలా ఆగస్టు ఆఖరుదాకా. ఆ రాతప్రతి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి అన్నట్టు ఆ తేదీలు నడుస్తుంటే, ఏ దెయ్యం పట్టిందిరా నాయనా నీకు అని అడగబుద్ధేస్తుంది.

ఎందుకంటే అప్పటికే ఆ తరహా సంగీతం పాతబడిపోయింది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని వయొల్‌లు వాయించుకోవడం వాళ్ళ తాతల నాటి సరదా. పర్సెల్ జీతం తీసుకుంటున్నది రెండో ఛార్లెస్ కొలువులో. ఆ రాజుగారికి ఫాంటసీలంటే పరమ అసహ్యమని రోజర్ నార్త్ అనే పెద్దమనిషి రాసిపెట్టాడు. తాళం వేయడానికి వీల్లేని సంగీతాన్ని రాజుగారు భరించలేకపోయేవాడట. ఫ్రెంచి కొలువులో ఉన్నట్టే తనకీ ఇరవైనాలుగు వయొలిన్ల మేళం ఒకటి పెట్టించుకున్నాడు. అలాంటి యజమాని దగ్గర పనిచేస్తూ ఈ కుర్రాడు ఆ వేసవంతా ఇవి రాశాడు. ఈ ఫాంటసీలు అచ్చులోకి వచ్చింది 1927లో. రెండు వందల నలభై ఏడేళ్ళు కాగితం మీదే ఉన్నాయన్నమాట.

అదే వేసవిలో ఇక్కడ గోల్కొండలో తానీషా పాలన, మాదన్న మంత్రిత్వం. మా ఇంటి నుంచి కోట దాకా ఆదివారం పొద్దున్నయితే ముప్పావుగంట ప్రయాణం. రామదాసు చెర కథ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆయన కీర్తనలు కూడా ఏ ప్రభువూ అడిగి రాయించుకున్నవి కావు, పైగా వాటిలో సగం నిష్ఠూరాలే. అడగకుండా పుట్టే సంగీతం ఎక్కడైనా ఉంటుంది. నేను చెప్పబోయేది రెండో రకం గురించి. అడిగి, డబ్బిచ్చి, ఫలానా వాద్యాల కోసం ఫలానా నిడివిలో రాసిపెట్టండి అని చెప్పి రాయించుకునే సంగీతం గురించి. వయొల్ వాయించేవాళ్ళు దాన్ని ఒక అలవాటుగా చేసుకున్నారు. మా వీణవాళ్ళం ఎందుకు చేసుకోలేదన్నది కొన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న.

ముందు నా సంగతి. ఆబిడ్స్‌లో ఒక బీమా ఆఫీసులో క్లెయిముల ఫైళ్ళు చూస్తాను. వీణ మా అమ్మ దగ్గర విజయనగరంలో మొదలుపెట్టాను, పెళ్ళయి ఇక్కడికొచ్చాక చిక్కడపల్లిలో ఒక గురువుగారి దగ్గర కొనసాగించాను. కచేరీలు చేసే స్థాయి కాదు, మానేసే స్థాయీ కాదు. పద్మారావునగర్‌లో మా ఫ్లాటులో ఆదివారాలు నలుగురం కూర్చుంటాం. నేను, మా ఆడపడుచు, కింద ఫ్లాటులో ఉండే టీచరమ్మ, గురువుగారి దగ్గర నాతోపాటు నేర్చుకున్న బర్కత్‌పుర స్నేహితురాలు. వర్ణం, రెండు కృతులు, ఉప్మా, మళ్ళీ ఒక కృతి. నలుగురం ఒకటే వాయిస్తాం. నలుగురు ఉన్నా వినపడేది ఒక్కటే పాట, కాస్త లావుగా.

మా అక్క కూతురు కోకాపేటలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. చిన్నప్పుడు పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని గ్రేడు పరీక్షలు రాసిన పిల్ల. ఒక ఆదివారం మా గుంపు వాయించడం విని, "పిన్నీ, నలుగురు కలిసి ఒకే లైను వాయించడానికి నలుగురెందుకు?" అంది. కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. ఆ రాత్రే ఫోనుకి పర్సెల్ పంపింది.

వయొల్ అంటే వయొలిన్‌కి తాతో ముత్తాతో అనుకుంటారు. కాదు, వేరే వంశం. పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్‌లో పుట్టి, ఇటలీ మీదుగా ఇంగ్లండు చేరింది. ఆరు తీగలు, అన్నీ గొర్రెపేగుతో చేసినవే. చిన్నదైనా పెద్దదైనా ఒళ్ళో పెట్టుకునో మోకాళ్ళ మధ్య నిలబెట్టుకునో వాయించాల్సిందే, భుజం మీదికి ఎక్కదు. కమాను అరచెయ్యి పైకి ఉండేలా కింద నుంచి పట్టుకుంటారు, మన సారంగీ వాళ్ళలాగే. నాకు ప్రాణం లేచొచ్చిన విషయం ఏమిటంటే దానికి మెట్లున్నాయి. మన వీణకి ఇరవైనాలుగు ఇత్తడి మెట్లు మైనంలో పొదిగి ఉంటాయి, ఒక మెట్టు కదిలితే మళ్ళీ మైనం కరిగించి సరిచేసే మనిషిని వెతుక్కోవాలి. వయొల్‌కి ఏడే మెట్లు, అవీ పేగు తీగని మెడ చుట్టూ బిగించి ముడేసినవి. శ్రుతి తేడాగా అనిపిస్తే వేలితో కాస్త జరుపుకుంటారు. ఎంత అదృష్టవంతులో!

వీటిలో మూడు సైజులుంటాయి, పైగొంతుకి ట్రెబుల్, నడిమికి టెనర్, కిందికి బాస్. కలిగినవాళ్ళ ఇళ్ళల్లో ఒక పెట్టె నిండా ఒకదానికొకటి పొసిగేలా చేయించిన ఆరు వయొల్‌లు ఉండేవట, ఒక్కో సైజుకి రెండేసి. మన బొబ్బిలి వీణల్ని ఒకే పనస దుంగతో చేస్తారని గొప్పగా చెప్పుకుంటాం, నిజంగా గొప్పే. కానీ పెద్ద వీణ, నడిమి వీణ, చిన్న వీణ అని ఒక జట్టుగా చేయించుకున్న ఇల్లు నేనెరిగినంతలో లేదు. మనకి వీణ అంటే ఒంటరి. పక్కన మృదంగం ఉంటుంది, వెనక తంబురా ఉంటుంది, పాట మాత్రం ఒకరిదే.

పిల్ల పంపినవాటిలో ఒకటి నన్ను పట్టేసింది. పర్సెల్ అయిదుగురి కోసం రాసిన చిన్న ఫాంటసీ, మూడు నిమిషాలు ఉంటుందేమో. అందులో ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒక్క స్వరం పట్టుకుని ఉంటారు. మిగతా నలుగురూ దాని చుట్టూ నడుస్తారు, పరుగెడతారు, ఒకచోట కుంగిపోతారు, మళ్ళీ లేస్తారు. ఆ ఒక్క స్వరం కదలదు. వినగానే మనవాళ్ళెవరైనా ఏమంటారు? "ఓహో, శ్రుతి!" అంటారు. నేనూ అదే అన్నాను. పిల్ల నవ్వి, "మళ్ళీ విను పిన్నీ, అది సా కాదు, పా" అంది.

అక్కడుంది కిటుకు. పాట ఎఫ్ మీద నిలబడింది, అంటే మన లెక్కలో నాలుగు శ్రుతి. పట్టుకున్న స్వరం సి, అంటే పంచమం. మన తంబురాలో పంచమం సాని బలపరచడానికి ఉంటుంది, గంట సేపు విన్నా దాని అర్థం మారదు. ఇక్కడ అలా కాదు. మిగతా గొంతులు, అంటే మిగతా వాద్యాల వరసలు, స, గ మోగిస్తే ఆ పంచమం పైన చేరి పూర్తి చేస్తుంది. గ, ని మోగిస్తే అదే పంచమం వాటి నడుమ ఇరుక్కుంటుంది. ని, రి మోగిస్తే ఉన్నట్టుండి తనే ఆధారమై కూర్చుంటుంది. అదే మనిషి పుట్టింట్లో కూతురు, అత్తింట్లో కోడలు, తన కాపురంలో ఇల్లాలు అయినట్టు, స్వరం వీసమెత్తు కదలకుండా చుట్టూ ఉన్నవాళ్ళని బట్టి దాని హోదా మారిపోతుంది. మనకీ గ్రహభేదం ఉంది. శంకరాభరణంలో రిషభాన్ని సా అనుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని అనుకుంటే హరికాంభోజి. కానీ మనం దాన్ని పెద్ద కచేరీలో ఒక చమక్కుగా చూపించి, చప్పట్లు కొట్టించుకుని, మర్యాదగా పాత సాకి తిరిగొచ్చేస్తాం. పర్సెల్ మూడు నిమిషాల్లో అదే పనిగా చేసి, ఎక్కడా ఆగి చూపించడు.

వాయించి చూద్దామన్నది బర్కత్‌పుర స్నేహితురాలి ఆలోచన. మా వీణలు ఎలాగూ నాలుగు శ్రుతికి దగ్గరే ఉంటాయి. పిల్ల రెండు రాత్రులు కూర్చుని స్టాఫు నొటేషన్‌ని సరిగమల్లోకి దింపింది, నాలుగు గొంతులూ విడివిడిగా. కోమలస్వరాలు వచ్చిన చోట ఎర్ర పెన్నుతో గీతలు పెట్టింది.

మొదటి తగువు శ్రుతిపెట్టె దగ్గర వచ్చింది. టీచరమ్మ గారు శ్రుతిపెట్టె లేకుండా వీణ ముట్టుకోరు. ఆన్ చేసి మొదలుపెట్టాం. మొదటి వరస బాగానే సాగింది. పాట దిగులులోకి దిగి సాధారణ గాంధారం వచ్చే చోటుకి వెళ్ళగానే శ్రుతిపెట్టె సా మీద సా అని మోగుతూ ఉంటే, కింద గొంతులు వేరే ఇంటికి వెళ్ళిపోయి ఉంటే, చెవిలో గులకరాళ్ళు పోసినట్టయింది. ఆపేయాల్సి వచ్చింది. "ఇంక మనల్ని పట్టుకునేది ఎవరు?" అని టీచరమ్మ గారు నిజమైన ఆందోళనతో అడిగారు. ఒకళ్ళనొకళ్ళం పట్టుకోవాలి, ఇంకో దారి లేదు.

రెండోది గమకం. మా చేతులు ఏ స్వరాన్నీ తిన్నగా వదిలిపెట్టవు. గాంధారం కనిపిస్తే ఊపుతాం, నిషాదం కనిపిస్తే లాగుతాం. ఒంటరిగా వాయించేటప్పుడు అదే ప్రాణం, ఎందుకంటే కింద కదలని శ్రుతి ఒక్కటే ఉంటుంది, దాని మీద మన స్వరం ఎంత ఊగినా ఎవరికీ నష్టం లేదు. పక్కన ఇంకో ముగ్గురు కదులుతున్నప్పుడు మాత్రం నేను గాంధారాన్ని ఊపితే మా ఆడపడుచు పట్టుకున్న నిషాదం అబద్ధమైపోతుంది. ఆవిడ తప్పేమీ లేదు, తను సరిగ్గానే వాయిస్తోంది, నా ఊపు వల్ల తనది అపశ్రుతిలా వినిపిస్తుంది. నలభై ఏళ్ళుగా ఎడమచేతికి నేర్పినదాన్ని ఆ చేత్తోనే మానిపించడం ఎంత కష్టమో చెప్పలేను. వేలు మెట్టు మీద పెట్టి నిలబెట్టడం, అంతే. మా గురువుగారు ఉండి ఉంటే, వీణని గిటారు చేశారర్రా అని లేచి వెళ్ళిపోయేవారు.

మూడోది వీణ స్వభావం. మీటగానే నాదం పుడుతుంది, పుట్టిన క్షణం నుంచి తగ్గుతూ పోతుంది. వయొల్ కమాను వాద్యం, స్వరాన్ని కావలసినంత సేపు పట్టుకోగలదు. ఆ ఒక్క పంచమాన్ని మూడు నిమిషాలు వీణ మీద ఎవరు నిలబెడతారు? అయినా నాలుగు వీణలూ కదిలే గొంతులకే సరిపోయాయి, అయిదో మనిషి కావాలి. ఇంట్లో అత్తగారి నాటి హార్మోనియం ఉంది. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ళ విభాగంలో చేసి రిటైరయ్యారు, సంగీతం తెలియదు, ఆదివారం ఉప్మా కోసం మమ్మల్ని ఓర్చుకుంటారు. "ఈ ఒక్క తెల్లమెట్టు నొక్కి పట్టుకుని తిత్తి ఊపుతూ ఉండండి, మేం ఆపమనేదాకా వదలొద్దు" అన్నాను. "ఇంతేనా?" అన్నారు. ఇంతే. కానీ తిత్తి ఒక్కసారి గట్టిగా ఊపితే పంచమం ఉబ్బుతుంది, నెమ్మదిస్తే సన్నగిల్లుతుంది. సమంగా ఉంచడానికి రెండు వారాల్లో ఆయనకి వచ్చిన నైపుణ్యం చూసి పిల్ల, "బాబాయ్, ఈ పాటలో సోలో నీదే" అంది. అప్పటినుంచీ ఆదివారం ఆయన షేవింగ్ చేసుకుని కూర్చుంటున్నారు.

ఈ కన్సార్టు సంగీతం, అంటే ఇలా కొందరు తలా ఒక గొంతు పట్టుకుని కలిసి వాయించుకునేది, శ్రోతల కోసం పుట్టింది కాదని వాయించాకే ఒంటబట్టింది. 1604లో జాన్ డౌలండ్ అనే లూట్ (మీటి వాయించే తీగవాద్యం) వాద్యకారుడు 'లాక్రిమే' అని ఒక పుస్తకం అచ్చేయించాడు, అయిదు వయొల్‌లకీ ఒక లూట్‌కీ. అందులో కన్నీళ్ళ పేరుతో ఏడు పవాన్ నృత్యాలు, ఏడూ కిందికి జారే ఒకే నాలుగు స్వరాలతో మొదలవుతాయి. ఆ పుస్తకం తెరిచి బల్ల మీద పరిస్తే ఒక్కో గొంతు ఒక్కో వైపుకి తిరిగి అచ్చయి ఉంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరికి ఎదురుగా ఉన్నది వాళ్ళు చదువుకుంటారు. ఎదుటి వరసలో కూర్చున్న జనం కోసం ఎవరైనా ఇలా అచ్చేస్తారా? మా పిల్ల అదే పద్ధతిలో జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద వేయించుకొచ్చింది. నాలుగడుగుల వీణలు నాలుగు ఒక చాప మీద గుండ్రంగా పెట్టి చూడండి, ఒకరి యాళి మూతి పక్కవాళ్ళ కుండకి గుద్దుకుంటుంది. చివరికి హాల్లో సోఫా తీసి బాల్కనీలో పెట్టాం.

మధ్యలో ఉన్న గొంతు వాయించేవాళ్ళకి ఒక రహస్యం తెలుస్తుంది, అది పైనుంచి వినేవాళ్ళకి తెలియదు. నాది మూడో గొంతు. విడిగా వాయిస్తే అర్థం పర్థం లేనట్టు ఉంటుంది, పాటలా ఉండదు. మా ఆడపడుచు పై నుంచి దిగుతూ ఒక స్వరం మీద ఆగి, అది పక్కవాళ్ళతో రాసుకుని కష్టంగా మోగుతున్నప్పుడు, నేను ఒక్క మెట్టు కిందికి జరిగితే ముడి విడిపోతుంది. ఆ జరగడమే నా పాట. ఎవరూ దానికి సెభాష్ అనరు, వినేవాళ్ళకి అదెవరు చేశారో కూడా తెలియదు. నలుగురు కలిసి ఒకే లైను వాయించడానికి నలుగురెందుకన్న పిల్ల ప్రశ్నకి జవాబు అలా దొరికింది.

ఇప్పుడు అడిగి రాయించుకునే సంగతి. వయొల్ మధ్యలో చచ్చిపోయిన వాద్యం. కార్ల్ ఫ్రీడ్రిక్ ఆబెల్ అని లండన్‌లో గొప్ప వయొల్ విద్వాంసుడు 1787లో పోయాడు, ఆయనతో దాదాపు ఆ కథ ముగిసింది. వందేళ్ళ తర్వాత, 1890ల్లో ఆర్నాల్డ్ డోల్మెచ్ అనే ఆయన మ్యూజియం సరుకుగా మిగిలిన వాద్యాల్ని బాగుచేసి, పాత ప్రతులు తవ్వి తీసి, మళ్ళీ మోగించాడు. మనకి అలా మధ్యలో తాడు తెగలేదు. వీణ మీద ఒక తరం నుంచి ఇంకో తరానికి చెయ్యి అందుతూనే ఉంది. అందుకేనేమో మనకి తొందర లేదు. వాళ్ళకి తాడు తెగింది కాబట్టి, పాతది వెతికి తెచ్చుకోవడంతో పాటు కొత్తది పుట్టించకపోతే మళ్ళీ మ్యూజియంకే పోతామన్న భయం ఉన్నట్టుంది.

ఇంగ్లండులో ఫ్రెట్‌వర్క్ అనే వయొల్ బృందం ఉంది, 1980ల నడిమి నుంచి వాయిస్తున్నారు. బర్డ్, గిబ్బన్స్, లాస్, జెంకిన్స్, పర్సెల్, ఈ పాతకాలపు ఇంగ్లీషు సంగీతకర్తలంతా వాళ్ళ నిత్యపారాయణం. దాంతో ఆగకుండా బతికున్న సంగీతకర్తల తలుపులు తట్టారు. 1990లో జార్జ్ బెంజమిన్ వాళ్ళ కోసం ఒక గాయని, అయిదు వయొల్‌లతో యేట్స్ కవితకి సంగీతం కట్టాడు. సీజరు, హెలెన్, మైకెలాంజెలో వచ్చే ఆ కవిత నాకు సగమే అర్థమైంది, వయొల్‌లు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. కమానుని తీగ మీద ఆనీ ఆనకుండా పట్టుకుంటే పుట్టే ఆ పల్చటి నాదం కోసమే ఆ పాట రాసినట్టుంటుంది. 1992లో మైకేల్ నైమన్ సుమేరియన్ దేవత ఇనాన్నా తన్ను తాను పొగుడుకునే స్తోత్రాన్ని వయొల్‌ల మీద పెట్టాడు. అది నాకు నచ్చలేదు. అన్ని పేజీలూ ఒకే ఊపు, మధ్యగొంతులకి పనేమీ లేదు. నచ్చకపోవడం కూడా ఈ వ్యవహారంలో భాగమే, అడిగి రాయించుకున్నవన్నీ అద్భుతాలైతే పర్సెల్ కాలంలోనే సంగీతం పూర్తయిపోయి ఉండేది.

1995లో పర్సెల్ పోయి మూడు వందల ఏళ్ళయింది. మనమైతే ఏం చేస్తాం? ఆరాధనోత్సవం చేస్తాం, ఆయనవే పాడతాం, దండ వేస్తాం, ప్రసాదం పెడతాం. ఫ్రెట్‌వర్క్ వాళ్ళు కొత్త పాటలు రాయించుకున్నారు. గావిన్ బ్రయర్స్ ఒకటి, చైనా నుంచి వచ్చిన తాన్ డూన్ ఒకటి, ఆఖరికి రాక్ పాటలు పాడే ఎల్విస్ కాస్టెల్లో కూడా ఒకటి రాసిచ్చారు. బ్రయర్స్ రాసినది 'ఇన్ నోమినె' వరసలోది. దాని కథ చెప్పకుండా ఉండలేను. 1520ల్లో జాన్ టావెర్నర్ ఒక పూజాసంగీతం రాశాడు. అందులో ఒక ముక్క వాద్యాలకి పనికొచ్చి, జనానికి నచ్చి, ఆ మూలవరసనే ఒక గొంతులో పొడుగు స్వరాలుగా పెట్టుకుని చుట్టూ తమ సంగీతం అల్లడం ఇంగ్లండులో ప్రతి సంగీతకర్తకీ ఒక పరీక్షలా అయిపోయింది. పర్సెల్ దాకా నూటయాభై ఏళ్ళ పాటు, నూటయాభైకి తక్కువ కాకుండా అలాంటివి పుట్టాయి. పర్సెల్ తర్వాత మూడు శతాబ్దాలకి, 1995లో, ఆ గొలుసుకి ఇంకో లంకె తగిలించారు. 2010లో ఓర్లాండో గఫ్ చేత రాయించుకున్నది ఇంకా సరదాగా ఉంటుంది. 1577లో ఫ్రాన్సిస్ డ్రేక్ ప్రపంచం చుట్టి రావడానికి ఓడెక్కినప్పుడు నలుగురు వయొల్ వాద్యకారుల్ని వెంట తీసుకెళ్ళాడు. వాళ్ళు రేవు రేవుకీ ఏం విన్నారో, తిరిగి ఏం వాయించారో అన్న ఊహ మీద నడుస్తుంది ఆ రచన. న్యూయార్కులో పార్థేనియా అని ఇంకో వయొల్ జట్టు ఉంది, వాళ్ళదీ ఇదే అలవాటు.

మనకి కొత్త రచనలు లేవనడం లేదు. చిట్టిబాబు గారి కోయిల ఎవరు మర్చిపోతారు? ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందం కోసం ఎన్నో కూర్చారు. కానీ అవి ఒక విద్వాంసుడు తన చేతి కోసమో, ప్రభుత్వ ఉద్యోగంలో భాగంగానో చేసినవి. వాయించే నలుగురు వెళ్ళి, వాయించని ఒకరిని అడిగి, ఇంత ఇస్తాం మా కోసం రాయండి అనడం ఎందుకో మనకి తట్టదు. సభలవాళ్ళు కళాకారుడికి పారితోషికం ఇస్తారు, శాలువా కప్పుతారు. పాట కట్టినవాడికి ఎవరైనా కవరు ఇవ్వడం నేను చూడలేదు. పాటంటే త్యాగయ్య గారో దీక్షితుల వారో ఎప్పుడో ఉచితంగా ఇచ్చేసి వెళ్ళిన ఆస్తి అన్నట్టే మన లెక్కలు నడుస్తాయి.

మా గుంపులో చీటీ ఉంది, నెలకి ఇంత అని వేసుకుంటాం. ఈసారి పాడిన చీటీ మా ఆడపడుచుకి వచ్చింది. ఆవిడ వాషింగ్ మెషీన్ కొందామనుకుంటూ, మాట మధ్యలో, "వదినా, దీంట్లో కొంత పెట్టి మనకోసం ఒకటి రాయించుకుందామా?" అంది. మిగతా ముగ్గురం తలా కొంత కలిపాం. కృష్ణానగర్‌లో ఒక కుర్రాడున్నాడు. మృదంగం నేర్చుకుని, తర్వాత కీబోర్డు పట్టి, షార్టు ఫిలిములకి నేపథ్యసంగీతం చేస్తుంటాడు. పిల్లకి స్నేహితుడి స్నేహితుడు. అతన్ని భోజనానికి పిలిచి, గోంగూర పచ్చడి వేసి, సంగతి చెప్పాం. నాలుగు వీణలు, ఒక హార్మోనియం, ఆరు నిమిషాలు, సగం అడ్వాన్సు.

అంతా విని ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న: "మరి మెయిన్ వీణ ఎవరిది ఆంటీ?"

ఎవరిదీ కాదు నాయనా అన్నాం. అతనికి ఎక్కలేదు. మిగతా మూడూ వెనకాల ప్యాడ్‌లా ఉండాలా అన్నాడు. కాదన్నాం. అప్పుడు అతన్ని సోఫా లేని హాల్లో మధ్యన కూర్చోబెట్టి, చుట్టూ మేం కూర్చుని, మా ఆయన తెల్లమెట్టు నొక్కి పట్టుకోగా, పర్సెల్ వాయించాం. రెండోసారి వాయిస్తున్నప్పుడు అబ్బాయి లేచి, మూడో గొంతు దగ్గరికి, అంటే నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అడ్వాన్సు వృథా కాలేదని అప్పుడే అనిపించింది నాకు.

మొదటి చిత్తు వచ్చింది. హంసధ్వనిలో మొదలై ఎక్కడికో వెళ్ళింది. రెండో పేజీ బాగుంది, నిజంగా బాగుంది, నాలుగు వీణలూ ఒకరి మీటుకి ఒకరు అడ్డం పడకుండా వంతులు వేసుకునే చోట ఒకటుంది, అది వీణ తెలిసినవాడే రాయగలడు. ఒక మీటు నాదం సన్నగిల్లే సరికి ఇంకొకరు అదే స్వరం అందుకుంటారు, అలా నాలుగు చేతులు మారి ఒక పొడుగు స్వరం తయారవుతుంది. వయొల్‌కి ఆ అవసరమే రాదు. మూడో పేజీలో మాత్రం సినిమా క్లైమాక్సు దూరింది, తీసేయమన్నాం. వయొల్‌వాళ్ళు సైజులతో సాధించేదాన్ని ఇతను శ్రుతులతో సాధించాలనుకున్నట్టున్నాడు. టీచరమ్మ గారి వీణ మీద అనుమంద్రం తీగని పంచమం నుంచి మధ్యమానికి దించమని రాశాడు. ఆవిడ ససేమిరా అంటున్నారు. బిరడా తిప్పను, కావాలంటే పాటే మార్చుకోమనండి అని రెండు ఆదివారాలుగా ఒకటే మాట. కుర్రాడూ తగ్గట్లేదు, ఆ మధ్యమం లేకపోతే చివరి అరనిమిషం కూలిపోతుందంటాడు. నాకు అతని మాటే సబబనిపిస్తోంది, కానీ కింద ఫ్లాటుతో రోజూ నీళ్ళ మోటారు వ్యవహారం ఉంటుంది కాబట్టి నేను నోరెత్తలేదు.

దానికి తోడు ఇంకో సమస్య. ఆ అబ్బాయి రచనలో నాలుగో నిమిషం దగ్గర హార్మోనియం పంచమం వదిలి ధైవతానికి వెళ్ళాలి. మా ఆయన కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు. ఒప్పందం ఒక్క మెట్టుకే అట, రెండో మెట్టుకి వేరే మాట్లాడుకోవాలట.